కేస్ షీట్‌లో లేని గడి: హార్మోన్లు, జీర్ణాశయ క్యాన్సర్, కృష్ణా డెల్టా

ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి దాదాపు తొమ్మిది మంది గర్భసంచి తీయించుకున్నవారే. 2019–21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పిన అంకె 8.7 శాతం. తెలంగాణలో 8.2. దేశం సగటు 3.3. అంతకు ముందటి సర్వేలోనూ మన రాష్ట్రానిదే పైచేయి. ఈ లెక్కను మనవాళ్లు ఎక్కువగా అనవసర ఆపరేషన్ల కోణంలోనే చర్చించారు. అది చర్చించవలసిన సంగతే. ఇక్కడ దాన్ని వేరే పని మీద తెచ్చాను. జీర్ణాశయంలో క్యాన్సర్ పుట్టడంలో, పుట్టాక అది ఒళ్లంతా పాకడంలో హార్మోన్లకు, అందులోనూ ఈస్ట్రోజెన్‌కు, ఏమైనా పాత్ర ఉందా అన్న ప్రశ్న నలభై ఏళ్లకు పైగా పరిశోధకుల మధ్య నలుగుతోంది. ఇంతమంది స్త్రీలకు ఇంత చిన్న వయసులో గర్భసంచి, కొందరికి దానితోపాటు అండాశయాలు పోయిన ప్రాంతం ఆ ప్రశ్నకు సంబంధం లేనిది కాదు.

ముందే ఒక హెచ్చరిక. పుట్టడం వేరు, పాకడం వేరు. పత్రికల్లో వచ్చే వార్తలు ఈ రెంటినీ కలిపేస్తాయి. 'ఆడ హార్మోన్ కడుపు క్యాన్సర్‌ను ఆపుతుంది' అని ఒక వారం, 'ఆడ హార్మోన్ కడుపు క్యాన్సర్‌ను పెంచుతుంది' అని మరో వారం చదివి పాఠకులు విసుగెత్తిపోతారు. రెండు వార్తలకూ ఆధారాలున్నాయి. అయితే ఆ ఆధారాల బరువు ఒకటి కాదు. ఈ వ్యాసం ఆ బరువులు తూచే ప్రయత్నం.

మగవాళ్లకే ఎందుకు ఎక్కువ

2022లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 9.68 లక్షల మందికి కొత్తగా జీర్ణాశయ క్యాన్సర్ వచ్చిందని, 6.6 లక్షల మంది దానితో చనిపోయారని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా. ఇంచుమించు ఏ దేశం చూసినా మగవాళ్లలో ఈ జబ్బు ఆడవాళ్ల కంటే రెట్టింపు. చుట్ట, బీడీ, సిగరెట్ వల్లనే అని తేల్చేద్దామంటే కుదరదు. పొగ అలవాటును లెక్కలోంచి తీసేసి చూసినా తేడా పూర్తిగా పోదు.

ఇంకో చిత్రం వయసుల వారీగా చూస్తే కనబడుతుంది. ముప్ఫై ఏళ్ల ప్రాంతంలో ఆడ మగ తేడా దాదాపు ఉండదు. అక్కడినుంచి మగవాళ్ల గీత పైకి లేస్తుంది. ఆడవాళ్ల గీత పది పదిహేనేళ్లు ఆలస్యంగా, ముట్లుడిగిన తర్వాత, దాని వెనకే లేస్తుంది. అరవై ఏళ్ల దగ్గర తేడా బాగా పెరిగి, ముసలితనంలో మళ్లీ తగ్గుతుంది. నెలసరి సాగినన్నాళ్లూ ఏదో అడ్డుగోడ ఉండి, అది తొలగాక జబ్బు వస్తోందా అన్న అనుమానం ఇక్కడే మొదలైంది.

ఈ అనుమానాన్ని జంతువుల మీద జపాన్‌లో పరీక్షించారు. 1967లో సుగిమురా, ఫుజిమురాలు ఎంఎన్‌ఎన్‌జీ అనే రసాయనాన్ని నీళ్లలో కలిపి ఎలుకలకు తాగించి జీర్ణాశయ క్యాన్సర్ తెప్పించే పద్ధతి కనిపెట్టారు. 1982లో ఫురుకావా బృందం అదే పద్ధతితో చూస్తే, ఆడ ఎలుకల్లో క్యాన్సర్ తక్కువ, మగ ఎలుకల్లో ఎక్కువ. వృషణాలు తీసేసిన మగ ఎలుకల్లో తగ్గింది. ఈస్ట్రోజెన్ ఇచ్చిన మగ ఎలుకల్లోనూ తగ్గింది. 2007లో అమెరికా పరిశోధకులు మరో మెట్టు ఎక్కారు. గాస్ట్రిన్ అనే హార్మోన్ అతిగా ఊరేలా జన్యువు మార్చిన ఎలుకలకు హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియాను సోకించి, కొన్నింటికి ఈస్ట్రడయోల్ ఇచ్చారు. ఇచ్చినవాటిలో క్యాన్సర్ దాకా వెళ్లినవి తక్కువ. ఇక్కడ క్యాన్సర్ కారకం మనుషుల్లో ఉండే బాక్టీరియాయే కాబట్టి నా లెక్కలో దీనికి రసాయనం తాగించిన ప్రయోగం కంటే విలువ ఎక్కువ.

మనుషుల సంగతి చూద్దాం. స్వీడన్‌లో ఒకప్పుడు ప్రొస్టేట్ క్యాన్సర్ వచ్చిన మగవాళ్లకు ఈస్ట్రోజెన్ ఇచ్చేవారు. ఆ కాలపు రోగుల వివరాలను 2004లో జాతీయ రిజిస్ట్రీలోంచి తీసి చూస్తే, వాళ్లలో జీర్ణాశయ క్యాన్సర్ అనుకున్నదానికంటే తక్కువగా వచ్చినట్టు తేలింది. ఇక 2012లో కమార్గో బృందం ప్రపంచంలోని అధ్యయనాలన్నీ పోగుచేసి లెక్కకట్టింది. నెలసరి ఎక్కువ ఏళ్లు సాగిన స్త్రీలలో ముప్పు తక్కువ ఏళ్లు సాగినవారితో పోలిస్తే 0.74 వంతు. ముట్లుడిగాక హార్మోన్ మాత్రలు వాడినవారిలో 0.77 వంతు. రొమ్ము క్యాన్సర్‌కు టామాక్సిఫెన్ వాడినవారిలో మాత్రం 1.82 రెట్లు. టామాక్సిఫెన్ రొమ్ములో ఈస్ట్రోజెన్‌ను అడ్డుకునే మందు. మూడు అంకెలూ ఒకే వైపు చూపుతున్నాయి.

అయినా తొందరపడకూడదు. పడమటి దేశాల్లో హార్మోన్ మాత్రలు వాడే స్త్రీలు మిగతావారికంటే డబ్బూ చదువూ ఉన్నవాళ్లు. హెలికోబాక్టర్ పేదరికంతో, ఇరుకిళ్లతో వచ్చే సూక్ష్మజీవి. కాబట్టి ఆ 0.77లో హార్మోన్ వాటా ఎంత, మంచినీటి కుళాయి వాటా ఎంత అన్నది విడదీయడం కష్టం. టామాక్సిఫెన్ విషయంలోనూ మెలికుంది. ఈ-క్యాడ్‌హెరిన్ జన్యులోపం ఉన్న కుటుంబాల్లో రొమ్ము లోబ్యులార్ క్యాన్సర్, వ్యాపన తరహా జీర్ణాశయ క్యాన్సర్ (దీని సంగతి కింద వస్తుంది) రెండూ వస్తాయి. న్యూజిలాండ్ మావోరీ కుటుంబంలో 1998లో ఈ జన్యులోపం బయటపడింది. మందు వాడిన స్త్రీలలో కొందరికి అసలు ముప్పు రక్తంలోనే ఉండవచ్చు. రొమ్ము క్యాన్సర్‌కు టామాక్సిఫెన్ వాడుతున్న పాఠకురాలు ఎవరైనా ఇది చదివి మాత్ర ఆపితే అది ఈ వ్యాసం చేసే అతిపెద్ద హాని అవుతుంది. ఆ మందు వల్ల కలిగే మేలు ఈ అనుమానం కంటే ఎన్నో రెట్లు పెద్దది.

ఇంతవరకు నా తీర్పు: జబ్బు పుట్టకుండా చూడటంలో ఈస్ట్రోజెన్‌కు కొంత చేయి ఉందనడానికి ఆధారాలు బాగానే ఉన్నాయి. రుజువైంది అనలేం గానీ, కొట్టిపారేయలేం.

పుట్టాక పాకడం: ఇక్కడ దారి తప్పుతుంది

1896లో వైద్య పత్రికల్లో అండాశయం గురించి రెండు వ్యాసాలు వచ్చాయి. స్కాట్లాండ్‌లో జార్జ్ బీట్సన్, ముదిరిన రొమ్ము క్యాన్సర్ రోగికి అండాశయాలు తీసేస్తే గడ్డలు కరిగాయని లాన్సెట్‌లో రాశాడు. రొమ్ము క్యాన్సర్‌కు హార్మోన్ వైద్యం అక్కడ మొదలైంది. అదే ఏడు జర్మనీలో ఫ్రెడరిక్ క్రూకెన్‌బర్గ్ అండాశయంలో కనిపించిన ఒక వింత గడ్డను వర్ణించాడు. మధ్యలో జిగురు నిండి, కేంద్రకం ఓ పక్కకు నెట్టుకుపోయిన ఉంగరం లాంటి కణాలు అందులో ఉన్నాయి. అది అండాశయంలోనే పుట్టిందని ఆయన అనుకున్నాడు. కొన్నేళ్లకు తెలిసింది, అది వేరేచోట, చాలాసార్లు జీర్ణాశయంలో, పుట్టి అండాశయానికి పాకిన క్యాన్సర్ అని. గడ్డకు మాత్రం ఆయన పేరే నిలిచిపోయింది.

క్రూకెన్‌బర్గ్ గడ్డ మన ప్రశ్నకు గుండెకాయ. ఇది ఎక్కువగా నెలసరి ఇంకా ఆగని స్త్రీలలో కనబడుతుంది. చాలామందిలో రెండు అండాశయాల్లోనూ ఉంటుంది. ఇటువంటి రోగి ముందు వెళ్లేది స్త్రీవైద్య నిపుణురాలి దగ్గరికే. పొత్తికడుపు ఉబ్బింది, నీరు చేరింది, స్కానింగ్‌లో అండాశయాల్లో గడ్డలు. ఆపరేషన్ అయి ముక్క పరీక్ష రిపోర్టులో 'సిగ్నెట్ రింగ్ కణాలు' అని వచ్చాక గానీ ఎండోస్కోపీకి పంపరు. అప్పటికి జీర్ణాశయంలో జబ్బు ముదిరిపోయి ఉంటుంది.

జీర్ణాశయ క్యాన్సర్‌ను ఫిన్లాండ్ వైద్యుడు పెక్కా లారెన్ 1965లో రెండు రకాలుగా విడగొట్టాడు. ఒకటి పేగు తరహా: ముసలివాళ్లకు, మగవాళ్లకు, ఏళ్ల తరబడి సాగిన వాపు మీద వస్తుంది. రెండోది వ్యాపన తరహా: కణాలు ఒకదాన్నొకటి పట్టుకోవడం మానేసి విడివిడిగా గోడలోకి చొచ్చుకుపోతాయి. చిన్న వయసువాళ్లలో, వాళ్లలోనూ ఆడవాళ్లలో, దీని వాటా ఎక్కువ. నలభై అయిదు లోపు స్త్రీలలో ముదిరిన ఈ తరహా జబ్బు అదే వయసు మగవాళ్లలో కంటే తొందరగా ప్రాణం తీస్తోందని దక్షిణ కొరియా ఆసుపత్రుల రికార్డులు చెప్పాయి.

చూశారుగా మలుపు. మొదటి రకాన్ని దూరంగా ఉంచుతుందని అనుకున్న హార్మోనే రెండో రకానికి ఆజ్యం పోస్తోందా? నెలసరి ఉన్న వయసులోనే ఈ జబ్బు ఆడవాళ్లను ఎక్కువ వేధించడం, పైగా ఈస్ట్రోజెన్ ఊరే అండాశయంలోకే పాకడం కాకతాళీయమేనా? కాకతాళీయం కాదని కొందరంటారు. మామూలు వివరణ కూడా ఉంది: నెలసరి వయసులో అండాశయానికి రక్తప్రసారం, లింఫ్ నాళాలు ఎక్కువ, నెలనెలా దాని పైపొర చిట్లుతుంది, పొట్టలో తేలే క్యాన్సర్ కణానికి అతుక్కోవడానికి చోటు దొరుకుతుంది. ఈ వివరణకు హార్మోన్ కణంలోకి వెళ్లి చేసే పని ఏదీ అక్కర్లేదు.

మరి కణం లోపల ఏం జరుగుతుంది? ఈస్ట్రోజెన్‌కు రెండు ముఖ్య గ్రాహకాలున్నాయి. మొదటిది ఆల్ఫా. రెండోది బీటా, 1996లో స్వీడన్‌లో దొరికింది. జీర్ణాశయంలో బీటా ఎక్కువ, ఆల్ఫా తక్కువ. బీటా ఎక్కువున్న గడ్డలు కాస్త నెమ్మదిగా ఉంటాయని, ఆల్ఫా ఉన్నవి దూకుడుగా ఉంటాయని చాలా అధ్యయనాల ధోరణి. జపాన్‌లోని ఫుకువోకాలో 2010లో ఒక బృందం, ఆల్ఫా ఉన్న జీర్ణాశయ క్యాన్సర్ కణాల్లో ఈస్ట్రోజెన్ 'హెడ్జ్‌హాగ్' అనే సంకేత మార్గాన్ని తట్టిలేపి కణాలు పెరిగేలా చేస్తుందని చూపింది. పిండదశలో అవయవాలు రూపుదిద్దే మార్గమది. పెద్దయ్యాక నిద్రపోవలసినది మళ్లీ లేస్తే కణాలు వలస మొదలుపెడతాయి. ఆల్ఫాకే కురచ రూపం ఒకటుంది, అది కణపు పొర దగ్గర ఉండి ఇంకో తీరుగా పనిచేస్తుంది. తక్కువ మోతాదు ఈస్ట్రోజెన్ కణాలను పెంచుతుందని, ఎక్కువ మోతాదు ఆపుతుందని కూడా రాశారు.

ఇక్కడ నేను ఆగాను. ఈ కణాల ప్రయోగాల్లో గణనీయమైన భాగం నమ్మదగ్గది కాదు. కారణం కొంచెం వివరంగా చెప్పాలి.

ప్రయోగశాలలో వాడే క్యాన్సర్ కణాలు 'శ్రేణులు'గా దొరుకుతాయి. ఎవరో ఒక రోగి గడ్డలోంచి తీసినవి సీసాల్లో పెంచుకుంటూ లోకమంతా పంచుకుంటారు. చైనాలో జీర్ణాశయ క్యాన్సర్ కణాలుగా వందల పరిశోధనల్లో వాడిన ఎస్‌జీసీ-7901, బీజీసీ-823, ఎంజీసీ-803 అనే శ్రేణుల డీఎన్‌ఏను పరీక్షిస్తే, అవి జీర్ణాశయానివే కావని, హీలా కణాలతో కలుషితమైపోయాయని తేలింది. హీలా కణాలు 1951లో అమెరికాలో హెన్రియెటా లాక్స్ అనే నల్లజాతి స్త్రీ గర్భాశయ ముఖద్వారంలోని క్యాన్సర్ నుంచి తీసినవి. అంటే జీర్ణాశయంలో ఈస్ట్రోజెన్ ఏం చేస్తుందో చూద్దామని గర్భాశయ ముఖద్వార కణాల మీద చూశారన్నమాట! ఈస్ట్రోజెన్ ప్రయోగాల్లోనూ ఈ శ్రేణులు వాడారు. అందుకే ఈ విషయం మీద వ్యాసం చదివేటప్పుడు నేను ముందు చూసేది ఫలితం కాదు, కణశ్రేణి పేరు.

రెండో చిక్కు ఆసుపత్రి బల్ల మీదే ఉంది. రొమ్ము లోబ్యులార్ క్యాన్సర్ కొన్నిసార్లు ఏళ్ల తర్వాత జీర్ణాశయానికి పాకుతుంది. ఎండోస్కోపీలో, మైక్రోస్కోపు కింద అది అచ్చం వ్యాపన తరహా జీర్ణాశయ క్యాన్సర్‌లాగే ఉంటుంది. పాథాలజిస్టులు ఈ రెంటినీ వేరు చేయడానికి వాడే పరీక్షల్లో ఒకటి ఈస్ట్రోజెన్ గ్రాహకం ఉందా లేదా అన్నదే. ఉంటే రొమ్ముదేమో అని అనుమానిస్తారు. 'ఈస్ట్రోజెన్ గ్రాహకం ఉన్న జీర్ణాశయ క్యాన్సర్లు' అని పాత అధ్యయనాలు లెక్కించినవాటిలో కొన్ని అసలు రొమ్ము నుంచి వచ్చినవి కావని ఎవరు చెప్పగలరు? ఆ అధ్యయనాల్లో గ్రాహకం కనబడిన శాతం ఒకచోటికీ ఇంకోచోటికీ పొంతన లేకుండా మారడానికి ఇదొక కారణం, వాడిన రంగు ద్రావణాల తేడా ఇంకో కారణం.

సరే, సిద్ధాంతం పక్కన పెట్టి రోగికి మందిచ్చి చూస్తే? చూశారు. 1980ల్లో బ్రిటన్‌లో జీర్ణాశయ క్యాన్సర్ రోగులకు టామాక్సిఫెన్ ఇచ్చి, ఇవ్వనివారితో పోల్చారు. 1989లో వచ్చిన ఫలితం: ఆయుష్షు పెరగలేదు. బీట్సన్ రొమ్ములో చూసింది జీర్ణాశయంలో కనబడలేదు. దీనికి పోలికగా హెర్2 అనే గ్రాహకం కథ చెప్పుకోవాలి. అది కూడా రొమ్ము నుంచి అరువు తెచ్చుకున్న ఆలోచనే. అయితే దాన్ని 2010లో వెలువడిన టోగా ప్రయోగంలో లాటరీ పద్ధతిన పరీక్షించారు. హెర్2 ఎక్కువున్న ముదిరిన జీర్ణాశయ క్యాన్సర్‌లో దాన్ని అడ్డుకునే మందు ట్రాస్టుజుమాబ్‌ను కీమోతో కలిపి ఇస్తే మధ్యస్థ ఆయుష్షు 11.1 నెలల నుంచి 13.8 నెలలకు పెరిగింది. పెరిగింది మూడు నెలల లోపే. అయినా నమ్మదగిన మూడు నెలలు. హార్మోన్ వైద్యం ఇప్పటికి ఆ గడప దాటలేదు.

గాస్ట్రిన్, గ్యాస్ మాత్ర

జీర్ణాశయం మీద హార్మోన్ అనగానే ఆడ మగ హార్మోన్లే గుర్తుకు రావడం పొరపాటు. జీర్ణాశయం తనకు తానే హార్మోన్లు ఊరించుకుంటుంది. గాస్ట్రిన్‌ను ఎడ్కిన్స్ 1905లో గుర్తించాడు. ఆమ్లం ఊరమని చెప్పేది, జీర్ణాశయం లోపొరను పెంచేది అదే. ఎలుకల్లో అది అతిగా ఉంటే క్యాన్సర్ వస్తుంది.

ఇది డెల్టాలో ఇంటింటి సంగతి. పొద్దున్నే పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకోనివాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ మాత్ర ఆమ్లాన్ని ఆపుతుంది. ఆమ్లం తగ్గితే గాస్ట్రిన్ పెరుగుతుంది. అయితే మాత్ర వేసుకున్నవాళ్లకు క్యాన్సర్ వస్తుందా? హాంకాంగ్‌లో 2018లో వచ్చిన పరిశీలన, హెలికోబాక్టర్‌కు చికిత్స పొందినవాళ్లలో ఈ మాత్ర దీర్ఘకాలం వాడినవారికి ముప్పు 2.4 రెట్లు ఉందంది. భయపెట్టే అంకే. కానీ కడుపులో ఇబ్బంది ఉన్నవాళ్లే మాత్ర వాడతారు, ఆ ఇబ్బంది అప్పటికే మొదలైన జబ్బు వల్ల కావచ్చు. పైగా గాస్ట్రిన్ విపరీతంగా ఊరే గడ్డలున్న జాలింగర్-ఎల్లిసన్ రోగులకు ఏళ్ల తరబడి అంత గాస్ట్రిన్ ఉన్నా వచ్చేవి ఎక్కువగా కార్సినాయిడ్ అనే మెతక గడ్డలు. మామూలు జీర్ణాశయ క్యాన్సర్ ఆ స్థాయిలో రాదు. పాకడంలో గాస్ట్రిన్ పాత్ర మనుషుల్లో రుజువు కాలేదు. నన్ను ఎక్కువ కలవరపెట్టేది మాత్ర దాచిపెట్టే లక్షణాలు. నలభై దాటాక కొత్తగా మొదలైన మంట, తిన్నది తక్కువే అయినా కడుపు నిండినట్టుండటం, బరువు తగ్గడం, నల్లటి విరేచనం ఉన్నప్పుడు మందుల షాపులో మాత్ర మార్చుకుంటూ ఆరు నెలలు గడపడం కంటే ప్రమాదం మరొకటి లేదు.

ఒత్తిడి హార్మోన్ల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది ఇప్పుడు యూట్యూబ్‌లో బాగా నడుస్తోంది. ఎడ్రినలిన్ పట్టుకునే బీటా-2 గ్రాహకాలు జీర్ణాశయ క్యాన్సర్ కణాల మీద ఉన్నాయి. 2019లో చైనా బృందం ఒకటి, ఎలుకలను ఎడతెగని ఒత్తిడికి గురిచేస్తే క్యాన్సర్ పాకడం పెరిగిందని, ఆ గ్రాహకాన్ని అడ్డుకుంటే తగ్గిందని చూపింది. అంతకు ముందు 2014లో నార్వే, అమెరికా పరిశోధకులు ఎలుకల్లో జీర్ణాశయానికి వెళ్లే వేగస్ నరాన్ని కోసేస్తే గడ్డలు తగ్గాయని చూపారు. ఆసక్తికరమే. అయితే దీన్నుంచి 'దిగులు పడ్డావు కాబట్టే నీకు పాకింది' అని రోగితో అనడానికి ఏ ఆధారమూ లేదు. జబ్బుకు తోడు నింద కూడా మోయించడం అవుతుంది. లెప్టిన్, ఆడిపోనెక్టిన్ అనే హార్మోన్ల గురించి, మగ హార్మోన్ గ్రాహకం గురించి కూడా కాగితాలున్నాయి, అవన్నీ ఇంకా సీసాల్లో, ఎలుకల్లో ఉన్న సంగతులు.

డెల్టాలో ఏం చేయొచ్చు

దక్షిణాదిలో జీర్ణాశయ క్యాన్సర్ ఉత్తరాది కంటే ఎక్కువ. ఈశాన్యంలో మిజోరం అందరికంటే పైన. 1996లో అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ నుంచి గజలక్ష్మి, శాంత ప్రచురించిన పరిశీలనలో బీడీ, సిగరెట్, ఊరగాయ తిండి ముప్పును పెంచేవిగా తేలాయి. ఆవకాయ, ఎండుచేప, ఉప్పు పట్టించిన కూర లేకుండా దివిసీమ భోజనం ఉండదు కాబట్టి ఈ వరుసలో ఉప్పునే ముందు అనుమానించాలి, హార్మోన్‌ను తర్వాత. హెలికోబాక్టర్ అన్నింటికంటే ముందు. దాన్ని 1994లోనే మొదటి శ్రేణి క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చారు.

ఇప్పుడు ఆ 8.7 శాతం దగ్గరికి వద్దాం. గర్భసంచి తీస్తే ఈస్ట్రోజెన్ ఆగదు. అది ఊరేది అండాశయాల్లో. రెండూ తీసేస్తే ఆ రోజే ముట్లుడిగినట్టు. ఒక్క గర్భసంచి తీసినా, అండాశయాలు ముందుగా డస్సిపోయే అవకాశం దాదాపు రెండు రెట్లు ఉంటుందని 2011లో అమెరికాలోని డ్యూక్ పరిశోధకులు లెక్కకట్టారు. అంటే ముప్ఫై అయిదేళ్లకు ఆపరేషన్ అయిన ఉయ్యూరు మహిళకు నెలసరి ఏళ్లు ఎన్ని, అండాశయపు ఏళ్లు ఎన్ని అన్నది రెండు వేరువేరు ప్రశ్నలు. జబ్బు పుట్టడం గురించి పైన చెప్పిన ఆధారాలు నిజమైతే, చిన్న వయసులోనే రెండు అండాశయాలూ పోయినవారిలో యాభై, అరవై ఏళ్లకు పేగు తరహా జీర్ణాశయ క్యాన్సర్ కాస్త ఎక్కువగా రావాలి. పాకడం గురించి కొందరు చెప్పేదీ నిజమైతే, ఈస్ట్రోజెన్ ఉన్న చిన్నవాళ్లలో వ్యాపన తరహా జబ్బు ముదిరి కనబడాలి. రెండూ కొలవగలిగిన మాటలు.

కొలిచే పనికి తగిన రికార్డు కావాలి. 1981–82లో మద్రాసు, బెంగళూరు, బొంబాయిలతో మొదలైన జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ కార్యక్రమం 2012–16 నివేదికలో దేశవ్యాప్తంగా 28 జనాభా రిజిస్ట్రీలున్నాయి. హైదరాబాద్ ఉంది. విభజన తర్వాతి ఆంధ్రప్రదేశ్ నుంచి ఒక్కటీ లేదు. మచిలీపట్నం నుంచి, గుడివాడ నుంచి రోగి విజయవాడ వచ్చి పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి మద్రాసు పోతే అక్కడి ఆసుపత్రి పుస్తకంలో ఒక వరుస అవుతాడు. డెల్టా లెక్కలో మాత్రం కనబడడు.

పెద్ద ప్రాజెక్టు అక్కర్లేదు. విజయవాడ ప్రభుత్వ సార్వజనీన ఆసుపత్రి, గుంటూరు ప్రభుత్వాసుపత్రి, మంగళగిరి ఎయిమ్స్‌లకు వచ్చే జీర్ణాశయ క్యాన్సర్ స్త్రీ రోగులను, అదే వయసు అదే ఊరి ఆరోగ్యవంతులను పోల్చే అధ్యయనం చాలు. ఆపరేషన్ ఎప్పుడైంది, ఎందుకైంది, అండాశయాలు ఉంచారా, చివరి నెలసరి ఎప్పుడు అని అడగాలి. హెలికోబాక్టర్, ఉప్పు, పొగాకు, గ్యాస్ మాత్ర, ఇంటి ఆదాయం కూడా పట్టుకోవాలి. గర్భసంచి తీయించుకున్నవాళ్లు ఎక్కువగా పేద, చదువు తక్కువ ఇళ్లవాళ్లు. హెలికోబాక్టర్ కూడా అక్కడే ఎక్కువ. ఇది కలిపి చూడకపోతే హార్మోన్ మీద లేనిపోని నింద పడుతుంది. గడ్డ ముక్క మీద ఆల్ఫా, బీటా గ్రాహకాలతో పాటు రొమ్ము గుర్తులు కూడా వేసి, రొమ్ము నుంచి వచ్చిన జబ్బును ముందే పక్కకు తీయాలి.

ఇందులో అడ్డంకి డబ్బు కాదు, కాగితం. నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఈ ఆపరేషన్లలో మూడింట రెండొంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లోనే జరిగాయి. పదేళ్ల తర్వాత రోగి దగ్గర మిగిలేది పొట్ట మీద కుట్టు మాత్రమే. డిశ్చార్జి చీటీ పోయి ఉంటుంది. 'అన్నీ తీసేశారమ్మా' అన్న మాటలో అండాశయాలు ఉన్నాయో లేదో ఎవరికీ తెలియదు. అనవసర గర్భసంచి ఆపరేషన్ల మీద 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను అమలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. ఆ అమలులో అండాశయాలు ఉంచారా తీశారా అన్న ఈ ఒక్క గడి కూడా చేరితే బాగుండును.

విజయవాడ సూర్యారావుపేట వైద్యులకు ఒక వినతి: గర్భసంచి తీసినప్పుడు డిశ్చార్జి చీటీలో 'కుడి అండాశయం: ఉంచాం లేదా తీశాం, ఎడమ అండాశయం: ఉంచాం లేదా తీశాం' అని విడిగా, తెలుగులో కూడా రాయండి. రెండు అండాశయాల్లో గడ్డలున్న చిన్న వయసు స్త్రీ వస్తే, కత్తి పట్టకముందే ఒక ఎండోస్కోపీ చేయించండి. ఆపరేషన్ అయిన మహిళలు ఆ చీటీని ఆధార్ కార్డుతో పాటు దాచుకోండి. జీర్ణాశయ క్యాన్సర్ భయంతో హార్మోన్ మాత్రలు మొదలుపెట్టడానికి గానీ, ఉన్న మందులు మానడానికి గానీ ఇవాళ్టి ఆధారాలు చాలవు.